ఖాళీ గోడ కనబడని ఊళ్లు

నిజామాబాద్ నుంచి జగిత్యాల వచ్చే బస్సెక్కితే కిటికీ పక్కన సీటు పట్టుకోండి. ఆర్మూరు దాటి మెట్‌పల్లి, కోరుట్ల వైపు వస్తున్నకొద్దీ రోడ్డుకిరువైపులా పసుపు చేలు, మక్క చేలు. వాటి మధ్యలోంచి ఒక్కసారిగా ఇళ్లు లేస్తాయి. చిలకపచ్చ గోడ, దానికి ఊదా రంగు అంచు, మెట్లకు నారింజ రంగు, పిట్టగోడ మీద సిమెంటు హంసలు, ముందు గోడకు వేంకటేశ్వరస్వామి టైల్సు, గేటు స్తంభాల మీద బంగారు రంగు పూసిన సింహాలు. పట్నం నుంచి వచ్చే మా చుట్టాలు వీటిని చూసి ముసిముసిగా నవ్వుతారు. "ఇదేం చోద్యం వదినా, దుకాణంలో ఉన్న డబ్బాలన్నీ ఒక్క ఇంటికే పోసినట్టున్నారు" అంటారు. నవ్వితే నవ్వనివ్వండి. ఆ ఇళ్ల లోపల కాసేపు కూర్చుని, ఇంటావిడతో చాయ్ తాగి వచ్చినవాళ్లు వీళ్లలో ఎంతమంది?

ఇంటి అలంకరణ గురించి ఏ పుస్తకం తిప్పినా చాన్నాళ్లుగా ఒకటే మాట. గోడలు తెలుపు, సోఫా బూడిద రంగు, బల్ల మీద ఒకే ఒక్క పూలకుండీ. ఇప్పుడేమో విదేశాల్లో గాలి మారిందట. ముదురు రంగులు, గోడ నిండా పటాలు, పూల గోడకు పూల పరదా, ఎటు చూసినా నిండుగా ఉండటమే గొప్పట. దానికి 'మ్యాక్సిమలిజం' అని పేరు కూడా పెట్టారు. మా అమ్మాయి చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. కోరుట్లలో మా మేస్త్రీకి ఆ పేరు తెలియదు గానీ ఆ పని ఎన్నేళ్ల నుంచో చేస్తూనే ఉన్నాడు!

నాకీ గొడవ ఎందుకంటారా? జగిత్యాలలో మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకున్నాం. రంగులు వేయాలి, సామాను సర్దాలి. అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. ఫోన్లో బొమ్మలు పంపింది, అన్నీ తెలుపే. అంతవరకూ ఫరవాలేదు. కింది ఇంట్లో మా అత్తమ్మ కాలంనాటి ఇత్తడి బిందెలు, గంగాళాలు, తాంబాళాలు ఓ గది నిండా ఉన్నాయి. "అవి కాటా వేసేద్దామమ్మా, పైకి తేకు" అంది. ఇత్తడి కొనేవాడు వచ్చి రేటు కూడా చెప్పిపోయాడు. మా వారు ఎటూ చెప్పరు. అత్తమ్మ పోయి ఆరేళ్లయింది. సరే, నాలుగు రోజులు సెలవు పెట్టు, మన వాళ్ల ఇళ్లు చూసొద్దాం, ఆ తర్వాత నీ ఇష్టం అని అమ్మాయిని బయల్దేరదీశాను.

ముందు మా ఊళ్లోనే మొదలుపెట్టాం. జగిత్యాల అంటే అందరూ కోట చూస్తారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల పద్ధతిలో నక్షత్రం ఆకారంలో కట్టిన రాతి కోట, చుట్టూ కందకం, చూడవలసిందే. అయితే అంతదాకా వెళ్లినవాళ్లు పాత వీధుల్లోకి కూడా నాలుగడుగులు వేయండి. గూన పెంకుల ఇళ్లు ఒక్కొక్కటే కూలిపోతున్నా ఇంకా కొన్ని మిగిలాయి. మా పెద్దమ్మ వాళ్లది అలాంటిదే. టేకు దర్వాజ, దాని మీద చెక్కిన చిలకలు, తామరపూలు. కడపకు పసుపు పూసి కుంకుమ బొట్లు. గోడలకు సున్నం, కింద మోకాలెత్తున జాజు పట్టీ. ఇల్లు మొత్తానికి ఈ రెండు రంగులే.

మరి నిండుదనం ఎక్కడుందీ అంటే, గూళ్లలో. గోడ మందం చేతిన్నర ఉంటుంది కనుక ఎక్కడ పడితే అక్కడ గూడు. ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో దువ్వెన, అద్దం, మరోదాంట్లో నిర్మల్ కొయ్యబొమ్మలు, పెండ్లినాటి కుంకుమ బరిణెలు. తల ఎత్తున గోడ చుట్టూ చెక్క బిగించి దాని మీద ఇత్తడి దొంతులు. పెద్ద బిందె మీద చిన్న బిందె, దాని మీద సర్వ, దాని మీద చెంబు, కొసన చిన్న గ్లాసు. ఎడమ పక్క ఎన్ని దొంతులుంటే కుడి పక్క అన్నే. మా అమ్మాయి మెడ పైకెత్తి చాలాసేపు చూసింది. "ఇంత సామానున్నా చిందరవందరగా లేదేంటి పెద్దమ్మమ్మా?" అనడిగింది.

"బతుకమ్మను పేర్సినట్టు పేర్వాలె బిడ్డా. కుప్ప పోయొద్దు" అంది పెద్దమ్మ.

ఆ ఒక్క మాటలో ఎంతుందో నాకూ అప్పుడే తట్టింది. బతుకమ్మ పేర్చడం చూసే ఉంటారు. సిబ్బిలో గుమ్మడి ఆకులు పరిచి, ఒక వరుస తంగేడు, దాని మీద రంగు అద్దిన గునుగు, మళ్లీ బంతి, కట్లపూలు, మళ్లీ తంగేడు. గులాబీ, ఆకుపచ్చ, నీలం, పసుపు, ఏ రంగుకూ అడ్డు చెప్పం. వేలు దూరేంత ఖాళీ కూడా వదలం. అయినా కన్ను తికమక పడదు. ఎందుకంటే ఒక వరుసలో ఒకటే పువ్వు, వదిలిపెట్టిన రంగు మళ్లీ పైన ఎక్కడో కనబడుతుంది, పైకి పోయేకొద్దీ సన్నమవుతుంది. అవే పూలు కలిపి గంపలో పోస్తే పూల గంపే, బతుకమ్మ కాదు. ఇల్లు నిండుగా సర్దుకోవాలని మీకు సరదా ఉంటే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. ఏ రంగు తెచ్చినా గదిలో కనీసం మూడు చోట్ల కనబడనివ్వండి, పరదాకు, దిండుకు, పటం చట్రానికి. పెద్ద వస్తువు కింద, చిన్నది పైన. ఒక రకం వస్తువులన్నీ ఒకచోట. కింద నేల, పైన దూలాలు సాదాగా ఉండనివ్వండి. పెద్దమ్మ ఇంట్లో నల్లరాయి బండలు, సున్నపు గోడ ఉన్నాయి కనుకనే అంత ఇత్తడి నప్పింది.

మర్నాడు కోరుట్ల. జగిత్యాల నుంచి గంట ప్రయాణం కూడా లేదు. అక్కడ మా చిన్నమ్మ కూతురుంది, నాకు చెల్లెలు. మా మరిది దుబాయి పోయి ఇరవై రెండేళ్లు. (మా దిక్కు షార్జా అయినా, మస్కట్ అయినా, సౌదీ అయినా దుబాయే!) 1970ల్లో గల్ఫ్ దేశాల్లో చమురు డబ్బుతో కట్టడాలు మొదలైనప్పటి నుంచి పాత కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మగవాళ్లు అలా పోతూనే ఉన్నారు. మొదట్లో వాళ్లు తెచ్చిన టేపురికార్డర్లు, పులి బొమ్మల దుప్పట్లు, పాలపొడి డబ్బాలు చూడ్డానికి వాడంతా వచ్చేది. ఆ డబ్బాలు ఖాళీ అయ్యాక కూడా పారేసేవాళ్లం కాదు, వంటర్రలో వరుసగా పేర్చేవాళ్లం.

చెల్లెలి ఇల్లు బయట నారింజ, ఊదా. లోపల హాలుకు చిలకపచ్చ, ఒక పడకగదికి గులాబీ, ఒకదానికి నీలం, దేవునర్రకు పసుపు. పైకప్పుకు మెట్లు మెట్లుగా పీఓపీ, దాని చాటున రంగురంగుల లైట్లు. నడిమధ్యన గాజు షాండ్లియర్. ఒక గోడకు పావురాల దుప్పటి మేకులు కొట్టి పటంలా బిగించారు. షోకేసులో అత్తరు సీసాలు, ఒంటె బొమ్మలు, ఖర్జూరపు పెట్టెలు, ప్లాస్టిక్ గులాబీలు. హాల్లోనే మూడు గోడ గడియారాలున్నాయి, ఒక్కటి మాత్రం గంటన్నర వెనక నడుస్తోంది. పాడైందనుకుని చెప్పబోయాను. అది అక్కడి టైమట. ఆయన డ్యూటీకి పోయే వేళ, పడుకునే వేళ తెలియడానికి.

మా అమ్మాయి ఉండబట్టలేక అడిగేసింది, "ఇన్ని రంగులు... నీకు కళ్లు గుంజవా చిన్నమ్మా?" అని.

"నాకైతే తెల్లరంగే ఇష్టముండె బిడ్డా" అంది చెల్లెలు. "గివన్ని మీ బాబాయి ఫోన్ల జూసి జెప్పినయే. ఆడ ఎటు జూసినా ఇసుకనేనట. బిల్డింగులు సుత ఇసుక రంగేనట. ఇంటికస్తె కండ్లనిండ రంగులుండాలె అన్నడు. వద్దని ఎట్లంట?"

మరిది అక్కడ చేసే పని ఏమిటో తెలుసా? పెద్దవాళ్ల విల్లాల్లో జిప్సం పైకప్పులు బిగించడం. తాను ఉండేది మాత్రం కంపెనీ క్యాంపులో, ఒక గదిలో ఆరుగురు, కింద మంచం మీద మంచం. ఆయన వీడియోలో మాట్లాడుతుంటే వెనక గోడ కనబడింది. చొక్కా తగిలించుకోవడానికి ఒక మేకు తప్ప ఏమీ లేదు. ఆ షాండ్లియర్ కూడా విమానంలో తెచ్చుకోనిచ్చే బరువుకు సరిపోక, విప్పదీసి మూడుసార్లు వచ్చినప్పుడు మూడు విడతలుగా తెచ్చాడట. వంటింటి గట్టుకు గోధుమ రంగు గ్రానైట్ వేయించాడు. ఒకసారి ఎవరిదో విల్లాలో అదే రాయి చూసి, ఇది మా కరీంనగర్ రాయి అని పక్కవాడికి చెబితే నమ్మలేదట. టాన్ బ్రౌన్ అని కరీంనగర్ గ్రానైట్ ఓడలెక్కి ఎన్నో దేశాలకు పోతుంది మరి. అప్పటినుంచి ఇంటికి కూడా అదే వేయించాలని పట్టు పట్టాడు.

ఇల్లు కట్టి ఏడేళ్లు. ఆయన వచ్చింది నాలుగుసార్లు. "మొత్తం కలిపితె ఆర్నెల్లు సుత లేడక్కా ఇండ్ల" అంది చెల్లెలు. ఆయన మంచానికి వేసిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. వారానికోసారి షాండ్లియర్ గాజులు తడిగుడ్డతో తుడిచి మళ్లీ పొడిగుడ్డతో తుడుస్తుంది. పూలు సబ్బునీళ్లలో ముంచి నీడలో ఆరేస్తుంది. ఆ చాకిరీ చూస్తే నాకు నడుం నొప్పి వచ్చింది.

ఇందులో నాకు నచ్చనిదీ ఉంది, దాచుకోను. పక్కింటివాళ్లు రెండు సింహాలు పెడితే మనం నాలుగు పెట్టాలని పోటీ. ముందు గోడ ఎలివేషన్ కోసమని మళ్లీ అప్పు. చెల్లెలి దగ్గరా అదే జరిగింది. "ఇగ వచ్చేస్త అన్నడు. ఎలివేషన్ జేపిచ్చినంక వచ్చుడు ఆగింది" అంది, ఏదో కూర ధర చెప్పినంత మామూలుగా. ఇంటి రంగు కోసం ఇంటి మనిషి ఇంకో రెండేళ్లు దూరంగా ఉండటం నాకు మింగుడు పడలేదు. అక్కాచెల్లెళ్లూ, మీ ఇంట్లోనూ ఇలాంటి లెక్క నడుస్తుంటే ముందు అప్పు లెక్క రాసుకుని, ఆ తర్వాతే రంగుల కార్డు తెరవండి.

అంతమాత్రాన ఆ ఇళ్లను చూసి నవ్వడం మాత్రం నా వల్ల కాదు. తమిళనాడులో చెట్టినాడు ఇళ్లు ఉన్నాయి కదా, ఆ షావుకార్లు బర్మాలో, మలయాలో వ్యాపారం చేసి, బర్మా టేకు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు తెచ్చి ఊళ్లో ఇళ్లు కట్టారు. రాజస్థాన్‌లో శేఖావటి హవేలీలూ అంతే. కలకత్తా, బొంబాయి పోయి సంపాదించినవాళ్లు సొంతూళ్లో గోడలన్నీ బొమ్మలతో నింపించారు, రైలుబండ్లూ మోటారుకార్లూ కూడా గీయించారు. ఇవాళ వాటిని చూడ్డానికి తెల్లవాళ్లు విమానాలెక్కి వస్తున్నారు. షావుకారు నింపితే కళ, సెంట్రింగ్ మేస్త్రీ నింపితే పిచ్చీనా? మీరే చెప్పండి.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ దారి పట్టాం. ఈ దారిలోనూ రంగుల ఇళ్లే, కొన్నింటికి తాళాలు. ఎండ తగిలే గోడల మీద ఎరుపు, ఊదా ముందుగా వెలిసిపోయాయి. బయటి గోడకు ఆ రెండూ వేసేవాళ్లు నీడ పడే వైపు వేసుకోండి. వేములవాడలో రాజన్న దర్శనం చేసుకుని, గుడి ముందు దుకాణాల్లో అమ్మాయి కోసం గాజులు కొని సిరిసిల్ల చేరాం.

సిరిసిల్ల వీధిలో అడుగు పెట్టగానే చెవుల్లో సాంచాల చప్పుడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఎక్కువగా నేసేది తెల్ల పాలిస్టర్ గుడ్డ. 2017 నుంచి కొన్నేళ్లు ప్రభుత్వం బతుకమ్మ చీరలు నేయించినప్పుడు మాత్రం వీధి వీధి రంగులతో వెలిగింది. మా వారి స్నేహితుడి ఇంట్లో దిగాం. ఇంటాయన సాంచాలు నడుపుతాడు, ఇంటావిడ చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చేస్తుంది. రోజంతా తెల్లగుడ్డ నేసే ఆ ఇంట్లో తెలుపన్నదే లేదు! రెండే గదులు. మంచం మీద పాత చీరల ముక్కలు కలిపి కుట్టిన బొంత, దాని మీద ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టలేం. తలుపు పరదా ఎర్రచీర, కిటికీకి పచ్చచీర. వంటగది గోడ కింది నుంచి పైదాకా స్టీలు గిన్నెలే. గ్లాసులు బోర్లించి ఒక వరుస, పళ్లేలు నిలబెట్టి ఒక వరుస, డబ్బాలు ఒక వరుస. ఇక్కడా అదే బతుకమ్మ పద్ధతి. "ఇవి ఎవ్వలు వెట్టినయి గావు. నా బీడీల పైసలతోని ఒక్కొక్కటి కొన్న" అందావిడ. మగ్గాలు నడవక ఇంట్లో గడవని రోజుల్లో నాలుగు తీసి కుదువ పెట్టి, పని మొదలయ్యాక విడిపించుకునేదట. అమ్మాయి ఆ గోడను ఫొటో తీసుకుంటానంటే ఆవిడ ఆగమని, పమిట చెంగుతో మరోసారి అన్నీ తుడిచి, అప్పుడు తీయనిచ్చింది.

తిరుగు దారిలో మా చిన్నత్తమ్మ ఇంటికి, అంటే మా అత్తమ్మ చెల్లెలి ఇంటికి వెళ్లాం. మధ్య మానేరు కింద అనుపురం, చింతలఠాణా, చీర్లవంచలాంటి ఊళ్లు మునిగిపోయాయి కదా. ఆవిడా అలా ఊరు పోయినావిడే. ఇప్పుడు పునరావాస కాలనీలో మూడు గదుల స్లాబు ఇల్లు. లోపలికి వెళ్లగానే మా అమ్మాయి ఆగిపోయింది. హాలు మధ్యలో నాలుగు టేకు స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద ఏ బరువూ లేదు, పైన స్లాబుకు అంగుళం ఎడం కూడా ఉంది. పాత ఇంటివి. విప్పుకుని తెచ్చి, పెట్టడానికి వేరే చోటు లేక హాల్లోనే నిలబెట్టుకుంది. నడవాలంటే పక్కకు ఒత్తిగిల్లి నడవాలి. పాత దర్వాజను గోడకు ఆనించి, దాని మీద దేవుడి పటాలన్నీ తగిలించింది. పైన ఇత్తడి దొంతులు, కింద గుమ్మి మూత, తిరుగలి, రోలు. ఇంత ఇరుకు ఇంట్లో ఇన్నెందుకు అని కొడుకు పోరు పెడుతున్నాడట.

చిన్నత్తమ్మ ఒక బిందె దించి మా అమ్మాయి చేతిలో పెట్టింది. "మెడ కాడ సదువు" అంది. సన్నటి చుక్కలతో చెక్కిన అక్షరాలు. ఎవరి పెండ్లికి ఎవరు పెట్టారో, ఏ నెలలోనో, చివర ఊరి పేరు. అమ్మాయి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. నీళ్లు నిండాక ఆ ఊరు ఎలా ఉండేదో చెప్పడానికి బొమ్మ కూడా లేదు. చిన్నత్తమ్మ దగ్గర అలాంటివి పదకొండు ఉన్నాయి. "మీ నాయినమ్మకు పెట్టినయి సుత గిట్లనే ఉంటయి. మా అవ్వ ఇద్దరికి ఒక్కతీరుగ పెట్టింది. గంగాళం అంచుకు ఒక సొట్ట ఉంటది సూడు, అది నేను సిన్నప్పుడు బాయి కాడ కింద పడేసిన్నాడు పడ్డది" అంది.

ఇంటికొచ్చాక చింతపండు, ఉప్పు, కాస్త బూడిద పెట్టుకుని ఇత్తడి తోమడానికి కూర్చున్నాం. మీరు తోమేటప్పుడు చింతపండు ఎక్కువసేపు ఉంచకండి, వెంటనే నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే మచ్చలు పడతాయి. పదిహేడు సామాన్లలో పద్నాలుగింటి మీద పేర్లున్నాయి. మూడింటి మీద పేర్లు మా వారికి కూడా తెలియలేదు, చిన్నత్తమ్మకు ఫోన్ చేసి అడిగాం. గంగాళానికి సొట్ట ఉంది.

మేడ మీద అమ్మాయి గదికి తెలుపే ఖాయం చేసుకుంది, అది దానిష్టం. హాల్లో మాత్రం మూడు వైపులా సున్నపు తెలుపు, కింద జాజు పట్టీ, నాలుగో గోడకు గునుగు పూలకు అద్దే గులాబీ రంగు. ఆ గోడకే తల ఎత్తున టేకు చెక్క బిగించి దొంతులు పెడతాం. ఏ దొంతి ఎటు పక్కనో అమ్మాయే కాగితం మీద గీసిచ్చింది. పేర్లున్న వైపు ముందుకు తిప్పాలని బాణం గుర్తులు కూడా పెట్టింది. ఇత్తడి కొనేవాడు మొన్న మళ్లీ వచ్చాడు, ఇప్పుడేమీ లేవని పంపేశాను. పెయింటరు సోమవారం వస్తానన్నాడు.